‘రాయే కదా, ఏటవుద్ది?’

టెక్కలి చుట్టుపక్కల బడుల్లో శిలల పాఠం వచ్చినప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది. పిల్లల చేతికి సుత్తి ఇచ్చే ముందు కళ్ళకేదైనా అడ్డం పెట్టించండి, రాయిని తడిపి కొట్టించండి అని ఎవరైనా అనడం ఆలస్యం, ‘రాయే కదా మేస్టారూ, ఏటవుద్ది?’ అన్న జవాబు వచ్చేస్తుంది. టీచర్లు అంటారు, తల్లిదండ్రులు అంటారు, రాయి మీదే బతుకుతున్న కార్మికులు కూడా అంటారు. అందరూ అనే మాట కనక ఎవరూ దాన్ని పట్టి చూడరు. పట్టి చూస్తే నిలబడే మాట కాదది.

ముందు దాని తరఫున చెప్పగలిగిందంతా చెప్పాలి. రావివలస, నందిగాం, మెళియాపుట్టి వైపు పిల్లలు కొండల పక్కనే పుట్టి పెరిగారు. రాళ్ళెక్కి ఆడుకున్నారు, రాళ్ళు విసిరి చింతకాయలు రాల్చారు. వాళ్ళలో చాలామంది నాన్నలు, మేనమామలు క్వారీల్లోనో, గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలోనో పని చేస్తున్నారు. అలాంటి పిల్లలకు రాయిని ఎలా పట్టుకోవాలో చెప్పడం అనవసరపు హడావుడి అన్నది మొదటి వాదన. బడిలో శిలలకు దక్కేది రెండు మూడు పీరియడ్లు, ఆ కాస్త సేపట్లో ప్రమాదం ఏం ముంచుకొస్తుందన్నది రెండోది. మూడోది అన్నిటికంటే బలమైంది. చాలా బడుల్లో అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు అని బోర్డు మీద రాసి, నోట్సు చెప్పి వదిలేస్తారు. ఎక్కడో ఒక టీచరు ఉత్సాహపడి నిజం రాళ్ళు తెచ్చి పిల్లల చేతుల్లో పెడతారు. ఆ టీచరు మీద కళ్ళజోళ్ళు, మాస్కులు, అనుమతులు అంటూ షరతులు పెడితే, ఎందుకొచ్చిన గొడవ అనుకుని రాళ్ళు తేవడమే మానేస్తారు. ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు కదా, ఉన్న పాఠాన్ని ఎందుకు చెడగొట్టడం?

ఆ మూడో వాదన వెనక ఉన్న బాధ నాకు పూర్తిగా అర్థమవుతుంది. రాయిని తాకకుండా శిలల పాఠం చెప్పడం పాఠం కాదని నేనూ నమ్ముతాను. నమ్ముతాను కనకే ఈ ధీమాను ఖండిస్తున్నాను.

1. రాయి వేరు, రాతితో చేసే పని వేరు

బల్ల మీద కదలకుండా ఉన్న గ్రానైట్ ముక్క ఎవరినీ ఏమీ చెయ్యదు. ‘రాయే కదా’ అనే మాటకు బలమంతా ఈ నిజం నుంచే వస్తోంది. కానీ పాఠంలో రాయి కదలకుండా ఉండదు. పిల్లలు దాన్ని ఎత్తుతారు, మోస్తారు, పగలగొడతారు, గీకుతారు, పొడి చేస్తారు, ఆ పొడిని ఊదుతారు, దాని మీద ఆసిడ్ చుక్క వేస్తారు, ఎవరూ చూడనప్పుడు నాలుకకు తగిలిస్తారు. ఇవి ఒక్కొక్కటి ఒక్కో పని. ఒక్కో పనిలో ఒక్కో ప్రమాదం ఉంది, ఒక్కోదానికి ఒక్కో జాగ్రత్త ఉంది. వీటన్నిటినీ ‘రాయి’ అనే ఒక్క మాట కింద చుట్టేసి, రాయి ఏం చేస్తుందని అడగడం ప్రశ్నను తప్పించుకోవడమే.

బరువు సంగతే చూడండి. గ్రానైట్ నీటికి 2.7 రెట్లు బరువు. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కో అడుగు ఉన్న దిమ్మ సుమారు 75 కిలోలు తూగుతుంది. ఏడో తరగతి పిల్లవాడి బరువుకు దాదాపు రెట్టింపు. చూపుకు చిన్నదిగా కనిపించే రాయి చేతికి అంత చిన్నది కాదు. రబ్బరు చెప్పులతోనో, ఒట్టి కాళ్ళతోనో ఉన్న పిల్లవాడి మీద అందులో పదో వంతు పడినా వేళ్ళు చితుకుతాయి. పిడికిలిలో పట్టే ముక్కలు చాలు, అంతకన్నా పెద్దవి పాఠానికి అక్కర్లేదు.

రాళ్ళు ఏరడానికి గట్ల వెంట పంపేటప్పుడు రాయి కింద ఏముందో కూడా చూసుకోవాలి. మన కోస్తా పల్లెల్లో ఎర్రతేలు కుట్టి పసిపిల్లలు ప్రాణం మీదికి తెచ్చుకోవడం తెలియని ఊరుండదు. రాయిని వేళ్ళు దూర్చి ఎత్తకూడదు. కర్రతో అవతలి అంచును పట్టి మనవైపు వాల్చాలి. అప్పుడు కింద ఉన్న జీవి మనకు ఎదురుగా కాక అవతలికి పోతుంది. ఇది చెప్పడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషమూ ‘వీళ్ళకు తెలీదేటి’ అన్న ఒక్క మాటలో కొట్టుకుపోతోంది.

2. అలవాటు రక్షణ కాదు

ఇక్కడి పిల్లలకు రాయి అలవాటే అనే వాదన దగ్గర కాసేపు ఆగాలి. ఎక్కువ హాని చేస్తున్నది ఇదే.

పలాస వాళ్ళకు జీడిపిక్క సంగతి చెప్పనక్కర్లేదు. పిక్క కొట్టే ఆడవాళ్ళు చేతికి నూనో బూడిదో పూసుకోకుండా పనికి కూర్చోరు. తొక్కలోని జీడి తగిలితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. తరతరాలుగా ఆ పనిలో ఉన్నవాళ్ళు కూడా ‘పిక్కే కదా’ అనరు. అలవాటు వాళ్ళకు ధీమా నేర్పలేదు, జాగ్రత్త నేర్పింది. కారణం ఒక్కటే. జీడి ఆ పూటే కాలుస్తుంది. రాతి ధూళి ఆ పూట ఏమీ చెయ్యదు. దాని లెక్క పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో తేలుతుంది. కాబట్టి అలవాటు కంటికి కనిపించే హాని నుంచే కాపాడుతుంది. కనిపించని హాని విషయంలో అదే అలవాటు కళ్ళకు గంతలు కడుతుంది.

ధూళిలో ఏముంది? గ్రానైట్ అనిపించుకోవాలంటే అందులోని లేతరంగు ఖనిజాల్లో అయిదో వంతైనా క్వార్ట్జ్ ఉండాలి. మన వాడుకలో అదే పలుగురాయి, రసాయనికంగా సిలికా. కొండను నిలబెట్టేది అదే, పొడి అయితే ఊపిరిని తినేసేదీ అదే. రాయి పగిలినప్పుడు లేచే దుమ్ములో కంటికి కనిపించేది ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది, తుమ్ముతోనో దగ్గుతోనో బయటికొస్తుంది. మిల్లీమీటరులో రెండొందలో వంతు కన్నా సన్నని రేణువులు మాత్రం ఊపిరితిత్తుల చిట్టచివరి గదుల దాకా పోతాయి. అక్కడ ఒంటిని కాపాడే కణాలు వాటిని మింగి, అరిగించుకోలేక చనిపోతాయి. ఆ చోట మచ్చ కడుతుంది. మచ్చ మీద మచ్చ పేరుకుని మెత్తని ఊపిరితిత్తి బిగుసుకుపోతుంది. దీన్నే సిలికోసిస్ అంటారు. కట్టిన మచ్చను మాన్పే మందు లేదు. పని మానేశాక కూడా జబ్బు ముదరవచ్చు. పైగా సిలికోసిస్ ఉన్నవాళ్ళకు క్షయ తొందరగా అంటుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో, పనిచోట్ల పీల్చే స్ఫటిక సిలికా ధూళిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. అమెరికాలో 2016 నాటి నిబంధన ప్రకారం కార్మికుడు ఎనిమిది గంటల పనిలో పీల్చే గాలిలో ఈ ధూళి ఘనమీటరుకు సగటున 50 మైక్రోగ్రాములు దాటకూడదు. అంటే గ్రాములో ఇరవై వేలో వంతు. చిటికెడు పొడి కూడా దానికి ఎన్నో వేల రెట్లు.

బడికి దగ్గరి ఉదాహరణ ఇంకొకటుంది. మనం అక్షరాలు దిద్దిన బలపాలు మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో పలకరాయిని కోసి తయారయ్యేవి. ఆ రాయి గ్రానైట్‌లా గట్టిది కాదు, పిల్లల చేతుల్లో అరిగిపోయేంత మెత్తనిది. దాన్ని రంపాలతో కోసిన కార్మికులు చిన్న వయసులోనే సిలికోసిస్‌తో చనిపోయారు. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ వాళ్ళను పరీక్షించి ఆ జబ్బు ఎంత విస్తరించిందో బయటపెట్టింది. రాయి మెత్తనైతే ప్రమాదం లేదన్న లెక్క అక్కడే తప్పింది. ఆ కార్మికులకూ ఆ రాయి అలవాటే.

ఒకటి స్పష్టంగా చెప్పాలి. బడిలో ఒకటి రెండు పీరియడ్లు రాయి కొట్టినంత మాత్రాన ఏ పిల్లవాడికీ సిలికోసిస్ రాదు. వస్తుందని భయపెట్టడం అబద్ధమాడటమే. అలాగే ఉద్దానం మూత్రపిండాల వ్యాధిని కూడా నేనిందులోకి లాగడం లేదు. దాని కారణం ఇంకా తేలలేదు, రాతి ధూళికి దాన్ని అంటగట్టడానికి ఆధారం లేదు. అయితే ఒళ్ళు లోపల్లోపల దెబ్బతింటూ, బయటికి తెలిసేసరికి ఆలస్యమైపోవడం అంటే ఏమిటో ఉద్దానానికి ఎవరూ వేరే చెప్పక్కర్లేదు. ఆ అనుభవం ఉన్న నేలలో ‘ఇప్పటిదాకా ఏమీ కాలేదు’ అన్న మాటను రుజువుగా ఎలా ఒప్పుకుంటాం?

మరి ఒక పీరియడ్ ధూళి గురించి ఇంత పట్టుదల ఎందుకు? ఆ పీరియడ్‌లో ఊపిరిలోకి పోయే ధూళి కన్నా, బుర్రలోకి పోయే పాఠం పెద్దది కనక. ఈ తరగతిలో కూర్చున్న పిల్లల్లో కొందరు అయిదారేళ్ళలో టెక్కలి యూనిట్లలో కట్టర్ పట్టుకుంటారు, క్వారీలో డ్రిల్లు పడతారు, క్రషర్ దగ్గర నిలబడతారు. రాతి గురించి వాళ్ళకు బడి చెప్పే మొదటి మాట, చాలామందికి చివరి మాట కూడా, ఆ రెండు మూడు పీరియడ్లలోనే ఉంటుంది. టీచరు ముందు పొడిరాయిని ఠంగుమని కొట్టి, లేచిన దుమ్మును చేత్తో విసిరేసి, నవ్వుతూ పాఠం సాగిస్తే, దుమ్ము లెక్కలోది కాదని ఆ పిల్లవాడు నేర్చుకుంటాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు సూపర్‌వైజరు నీటి పైపు కట్టేసి పొడిగా కొయ్యమంటే ఎదురడగడానికి వాడి దగ్గర ఏ మాటా ఉండదు. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లోనే సిలికోసిస్ పేరుండేది. యాజమాన్యం ప్రభుత్వానికి తెలపాల్సిన వృత్తి వ్యాధుల్లో అదొకటి. ఈ సంగతి రాతి ప్రాంతపు బడిలో చెప్పకపోతే ఇంకెక్కడ చెబుతారు?

3. ‘ఒక్క పీరియడే కదా’

ధూళి విషయంలో ఈ వాదనకు కాస్త విలువుంది. కంటి విషయంలో బొత్తిగా లేదు. పెచ్చు ఎగిరి కంట్లో పడటానికి పీరియడ్ అక్కర్లేదు, ఒక్క దెబ్బ చాలు. గ్రానైట్, పలుగురాయి పగిలినప్పుడు వచ్చే పెచ్చుల అంచులు బ్లేడులా ఉంటాయి. కొట్టేవాడి కన్నా చుట్టూ గుమిగూడి ముందుకు వంగి చూసేవాళ్ళకే ఎక్కువ తగులుతాయి. రాయే ఎగరాలని కూడా లేదు. వడ్రంగి మేకులు కొట్టే సుత్తితో రాతిని బాదితే ఒక్కోసారి సుత్తి అంచే చిట్లి ఉక్కు ముక్క ఎగురుతుంది. ఉలి లేదని ఒక సుత్తిని రాతి మీద పెట్టి ఇంకో సుత్తితో కొట్టడం అన్నిటికన్నా ప్రమాదం. బళ్ళలో జరిగేది తరచూ ఇదే. రాతి సుత్తి ఉండదు కాబట్టి ప్యూను దగ్గరున్నదేదో తెస్తారు.

కంట్లో నలక పడితే పిల్లలు మొదట చేసే పని నులమడం. పెచ్చు పడ్డ కన్ను నులిమితే గీత ఇంకా లోతుకు పోతుంది. నులమకుండా చెయ్యి పట్టుకోవాలి, శుభ్రమైన నీటితో మెల్లగా కడగాలి. ముక్క గుచ్చుకుని ఉంటే లాగకూడదు, కంటిని నొక్కకుండా పైన గ్లాసు లాంటిదేదైనా కప్పి టెక్కలి ఆసుపత్రికి తీసుకుపోవాలి. పాఠం మొదలుపెట్టకముందే ఇది తెలిసిన టీచరు ఎంతమంది ఉన్నారు?

4. పెట్టెలోంచి వచ్చింది కాబట్టి మంచిదే?

ఇంకో నమ్మకం ఉంది. బయట ఏరుకొచ్చిన రాయికైతే జాగ్రత్త కావాలేమో కానీ, ల్యాబు బీరువాలో అట్టపెట్టెలో గడులు కట్టి నంబర్లు అంటించి ఉన్న ఖనిజాలకు భయం లేదన్నది. నిజం తలకిందులుగా ఉంది. మన ఊరి కొండ నుంచి ఏరిన రాయి కన్నా ఆ పెట్టెలో ఉన్న కొన్ని ముక్కలకే ఎక్కువ జాగ్రత్త కావాలి.

పాత పెట్టెల్లో ఆస్బెస్టాస్ ముక్క కనిపించడం అరుదేమీ కాదు. మన రాతినార. కడప జిల్లా పులివెందుల వైపు దొరికిన ఖనిజమే. చూడ్డానికి పట్టుపోగుల్లా ఉంటుంది, పిల్లలకు పోగులు లాగాలని చెయ్యి ఊరుకోదు. ఆ పోగులు చీలి చీలి కంటికి కనిపించనంత సన్నబడి గాలిలో తేలతాయి. ఊపిరితిత్తుల్లో చేరితే దశాబ్దాల తర్వాత క్యాన్సర్ తెచ్చే గుణం ఆస్బెస్టాస్ రకాలన్నిటికీ ఉంది. ఆ ముక్కను తరగతిలో చేతులు మార్చడం ఇవాళే ఆగాలి. విరగ్గొట్టకుండా, దులపకుండా, రెండు వరసల ప్లాస్టిక్ సంచిలో మూతిగట్టి, మీద పేరు రాసి, పిల్లలకు అందకుండా తాళం వెయ్యాలి. చెత్తకుప్పలో పారేయకూడదు.

తళతళలాడే బరువైన గెలీనా సీసపు ఖనిజం. గుంటూరు వైపు అగ్నిగుండాల దగ్గర బండ్లమోటులో తవ్వింది అదే. పట్టుకుంటే ఏమీ కాదు, పట్టుకున్న చేత్తో మధ్యాహ్న భోజనం తింటే సీసం కడుపులోకి పోతుంది. విజయనగరం జిల్లా గరివిడి మాంగనీసు వేలికి నల్లగా అంటుకుంటుంది, దానికీ అదే మాట. రాళ్ళ పాఠం భోజనం గంటకు ముందు పెడితే మధ్యలో సబ్బు, నీళ్ళు తప్పనిసరి. చేతులు కడుక్కునే కుళాయి పనిచేయని బడిలో శిలల పాఠం ఒక్కటే కాదు, భోజనం కూడా భద్రం కాదు.

ఇక ఆసిడ్. సున్నపురాయిని గుర్తుపట్టడానికి పలచని హైడ్రోక్లోరిక్ ఆసిడ్ వెయ్యాలని పుస్తకం చెబుతుంది. ల్యాబులో అది లేకపోతే మరుగుదొడ్లు కడిగే సీసా తెచ్చి వేసేవాళ్ళున్నారు. దాని గాఢత ఎంతో సీసా మీద రాసి ఉండకపోవచ్చు, మూత తీస్తేనే పొగ కమ్ముతుంది. భావనపాడు ఒడ్డున దొరికే గవ్వను పొడి చేసి నిమ్మరసం పిండితే చాలు, బుడగలు వస్తాయి. పిల్లలకు తెలియాల్సింది బుడగల సంగతి. ఆసిడ్ మంట తెలియక్కర్లేదు.

అదే ఒడ్డున అల వెనక్కి తగ్గాక ఇసుక మీద నల్లని చారలు మిగులుతాయి. బరువైన ఖనిజాలు కెరటంతో వెనక్కి పోలేక అక్కడే ఆగుతాయి కనక ఆ చారలు. ఇల్మనైట్, ఎర్రని గార్నెట్, సిలిమనైట్, కొద్దిగా మోనజైట్ కలిసి ఉంటాయి. మన తీరం మీద ఇంతకు మించిన పాఠ్యపుస్తకం లేదు, పిల్లల్ని తప్పక తీసుకెళ్ళాలి. మోనజైట్‌లో రేడియోధార్మికత ఉన్న థోరియం ఉంటుంది కాబట్టి నల్ల ఇసుకను జేబులో పోసుకోనివ్వకండి, నోట్లో పెట్టుకోనివ్వకండి, బడికి తెస్తే మూత బిగించిన చిన్న సీసాలో ఉంచండి. భయం అక్కర్లేదు, ఆ మాత్రం క్రమశిక్షణ చాలు.

5. క్వారీని మించిన తరగతి లేదట

ఉత్సాహవంతులు చేసే వాదన ఇది. టెక్కలి నీలి గ్రానైట్ దేశాలు దాటి పోతోంది, అది పుట్టే చోటు పిల్లలు చూడాలి అంటారు. చూడాలన్న కోరిక మంచిదే. పని జరుగుతున్న క్వారీలోకి పిల్లల్ని నడిపించడం మాత్రం తప్పు. ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. 1952 నాటి గనుల చట్టమే పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళను గనిపని జరిగే చోట నేల మీద కూడా ఉండనివ్వకూడదని 45వ సెక్షన్‌లో రాసింది. తెరిచి తవ్వే క్వారీలు కూడా ఆ చట్టం దృష్టిలో గనులుగానే ఉండేవి. మేనేజరు తెలిసినవాడని, ఆదివారం మిషన్లు ఆగుతాయని లోపలికి తీసుకెళ్ళేవాళ్ళు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. గోడ నుంచి ఊడటానికి సిద్ధంగా ఉన్న దిమ్మకు ఆదివారం తెలియదు.

వదిలేసిన క్వారీ ఇంకా మోసం. వానకు నిండిన గుంత చెరువులా కనిపిస్తుంది. చెరువుకు ఒడ్డు మెల్లగా దిగుతుంది, క్వారీ గుంతకు గట్టు దాటితే నిలువు గోడే. జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఈత వచ్చిన పిల్లలు కూడా పైకెక్కలేక మునిగిపోయిన వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎండాకాలం సెలవుల్లో పేపర్లు చదివే ఎవరికీ కొత్త కాదు.

పాలిషింగ్ యూనిట్ల వెనక రోడ్డు పక్కన పోసే తుక్కు రాళ్ళ గుట్ట మీదికి ‘శాంపిళ్ళు ఏరుకురండి’ అని పిల్లల్ని పంపడమూ అంతే. ఆ గుట్టల పక్కనే యూనిట్ల నుంచి వచ్చిన బురద ఎండి తెల్లటి పిండిలా పరుచుకుని ఉంటుంది. లారీ పోయినప్పుడల్లా లేస్తుంది. రాయి కోత మిషన్ కింద పడి, మనం పైన చెప్పుకున్నంత సన్నగా నలిగాక మిగిలిన పిండి అది. అందులో పిల్లలు ఆడుకోవడం టెక్కలి దారిలో వెళ్ళే అందరికీ కనిపించేదే, ఎవరూ బండి ఆపరు.

మరి ఎక్కడికి తీసుకెళ్ళాలి? రావివలసకే. ఎండల మల్లికార్జునస్వామి పైకప్పు లేకుండా, ఎండకు ఎండి వానకు తడుస్తూ ఆరుబయట ఉన్న మహాశిల. ఆ చుట్టుపక్కల ఎండ, వాన, వేర్లు కలిసి బండరాయిని ఎలా పొరలు పొరలుగా విడదీస్తాయో, పగుళ్ళలో మట్టి ఎలా పుడుతుందో దూరంగా నిలబడి కళ్ళతో చదవొచ్చు. అక్కడ సుత్తి ఎత్తాలన్న ఊహ ఎవరికీ రాదు, రాకూడదు. శిలాశాస్త్రంలో సగం చూపుతోనే జరుగుతుంది.  చార్నోకైట్ అనే రాతికి భూవిజ్ఞాన శాస్త్రవేత్త టి.హెచ్. హాలండ్ ఆ పేరు పెట్టడానికి కారణం కలకత్తాలో ఉన్న జాబ్ చార్నోక్ సమాధి మీది రాయి. అంటే చెక్కి పాతిన రాతిని చూసి కూడా శాస్త్రం పుట్టింది. ఊళ్ళో ఎవరింటి గచ్చు మీదైనా, గుమ్మం మెట్టు మీదైనా టెక్కలి గ్రానైట్ పలక ఉంటుంది. గుండ్రటి అంచులతో, అద్దంలా మెరుస్తూ, ఖనిజాలన్నీ విడివిడిగా కనిపిస్తూ.

6. జాగ్రత్త పడితే పాఠం పోతుందా?

ఇప్పుడు ఆ మూడో వాదన. జాగ్రత్తలు పాఠాన్ని చంపుతాయన్నది. ఏ జాగ్రత్త ఏ పాఠాన్ని చంపిందో ఒక్కొక్కటే చూద్దాం.

రాయిని తడపండి. ధూళి లేవదు. అంతకన్నా ముఖ్యం, తడిసిన రాయి తన రంగు చూపిస్తుంది. పొడిగా ఉన్నప్పుడు బూడిదరంగు ముద్దలా కనిపించిన గ్రానైట్ మీద చెంబుడు నీళ్ళు పోయండి. నీలి ఛాయ పైకి తేలుతుంది, ఫెల్డ్‌స్పార్ పలకలు తెల్లగా విడివడతాయి, మధ్యలో పలుగురాయి గాజులా మెరుస్తుంది, గార్నెట్ ఉంటే ఎర్రని చుక్కలు బయటపడతాయి. కొండల్లో తిరిగే భూవిజ్ఞాన శాస్త్రవేత్తలు కూడా రాతిని తడిపే చూస్తారు. ఇక్కడ జాగ్రత్తా పాఠమూ ఒకే పని.

పగలగొట్టక తప్పదంటే గోనెసంచిలో చుట్టి, నేల మీద పెట్టి, టీచరే కొట్టాలి. పెచ్చులు సంచిలోనే ఆగుతాయి. కొట్టేవారికి కళ్ళజోడు ఉండాలి, పిల్లలు పది అడుగుల అవతల నిలబడాలి. ముక్కుకు రుమాలు కట్టుకున్నామన్న ధైర్యం వద్దు, గుడ్డ సన్నటి ధూళిని ఆపదు. అసలు ప్రతి తరగతిలో రాయి పగలగొట్టాలని ఎవరు చెప్పారు? టెక్కలి చుట్టూ యంత్రాలు కోసి పడేసిన ముక్కలు కావలసినన్ని ఉన్నాయి. టీచరు ఒకసారి అంచులు నున్నగా ఉన్న పాతిక ముక్కలు ఏరి, కడిగి, ఆరబెట్టి బడిలో ఉంచితే పదేళ్ళు పనికొస్తాయి.

గట్టిదనం పరీక్షకు గాజుముక్కలు గీకించనక్కర్లేదు. ఖనిజ శాస్త్రవేత్త మోస్ 1812లో గట్టిదనానికి ఒకటి నుంచి పది దాకా మెట్లు కట్టాడు. గోరు రెండున్నర, ఇనుప మేకు అయిదుకు కాస్త తక్కువ, పలుగురాయి ఏడు. గోరూ, మేకూ, ఒక పలుగురాయి ముక్కా ఉంటే సగం మెట్లు పరీక్షించొచ్చు. ఖనిజం గీత రంగు చూడటానికి టైల్సు ముక్క వెనక వైపు గరుకుతనం చాలు. ఇందులో ఏ పాఠం పోయింది?

జాగ్రత్త మాట ఎత్తగానే ఇంకో కొసకు పరిగెత్తేవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఇంత తంటా ఎందుకు, రాళ్ళే వద్దు, టీవీలో వీడియో వేస్తే సరిపోతుంది అంటారు వీళ్ళు. ‘రాయే కదా’ అనేవాళ్ళకూ వీళ్ళకూ తేడా పైపైనే. రాతితో ఎలా మెలగాలో నేర్పే శ్రమ తప్పించుకోవడమే ఇద్దరి పనీ. వీడియో చూసిన పిల్లవాడికి బరువు తెలియదు, గరుకు తెలియదు, తడిసినప్పుడు రంగెలా మారుతుందో తెలియదు. రేపు కట్టర్ ముందు నిలబడినప్పుడు ఏ దుమ్ముకు భయపడాలో అంతకన్నా తెలియదు. ఇతర చోట్ల ఏమోగానీ, టెక్కలిలో ఆ వీడియో పాఠం పిల్లలకు ద్రోహం.

డబ్బు లేదంటారు. కళ్ళజోళ్ళు హార్డ్‌వేర్ షాపుల్లో చవగ్గానే దొరుకుతాయి, తరగతికి నలభై కొనక్కర్లేదు. కొట్టే చోటుకు రెండో మూడో చాలు. గోనెసంచికీ, చెంబు నీళ్ళకూ, సబ్బుకూ బడ్జెట్ అడగడం సాకు మాత్రమే. ఇంకాస్త కావాలంటే దానికీ దారి ఉంది. 2015లో గనులు, ఖనిజాల అభివృద్ధి, నియంత్రణ చట్టాన్ని సవరించి, తవ్వకం ప్రభావం ఉన్న జిల్లాల్లో జిల్లా ఖనిజ ఫౌండేషన్ పెట్టారు. తవ్వకం వల్ల ప్రభావితమైన ప్రాంతాల కోసం, తవ్వేవాళ్ళ నుంచి వసూలు చేసే నిధి అది. చదువు, ఆరోగ్యం దాని ప్రాధాన్య రంగాల్లో ఉన్నాయి. మన రాష్ట్రంలో గ్రానైట్ మీద కూడా ఆ వసూలు ఉంది. మన కొండను కోసి పంపుతుంటే వచ్చే డబ్బులోంచి మన బడికి ఒక రాతి సుత్తి, మూడు కళ్ళజోళ్ళు, ఒక భూతద్దం, పనిచేసే కుళాయి అడగడానికి హెడ్‌మాస్టరు మొహమాటపడాల్సిన పని లేదు. విద్యా కమిటీలో తల్లిదండ్రులు ఒక కాగితం రాసి కలెక్టరేట్‌లో ఇవ్వాలి. దానికి అంకె వేయించుకుని రసీదు తెచ్చుకోవాలి, మూడు నెలలకోసారి ఏమైందని అడగాలి.

ఆ సామాను వచ్చేదాకా టీచరు కూడా సుత్తి ఎత్తొద్దు. పిల్లలకు రాళ్ళు మాత్రం ఇవ్వండి, కడిగిన రాళ్ళు, తడిపిన రాళ్ళు, చేతిలో పట్టే రాళ్ళు. ల్యాబు బీరువా తాళం రేపే తీసి, ఆ పాత పెట్టెలో రాతినార ముక్క ఉందో లేదో చూడండి.